కన్నెపిల్లల కడుపులో పెరుగు తిత్తులు

కరీంనగరమునుండి జగిత్యాలకు బోవు దారిలో, ముత్యంపేట గ్రామమునకు చేరువ, రాళ్లును చెట్లును కలగలసిన గుట్టపై ఆంజనేయస్వామి వెలసియున్నాడు. అదియే కొండగట్టు. తప్పిపోయిన పశువును వెదకుచు వచ్చిన సింగం సంజీవుడను కాపరికి స్వామి కనబడెనని స్థలపురాణము. లక్ష్మణుని బ్రతికించుటకై హనుమంతుడు సంజీవపర్వతమును గొనిపోవుచుండగా విఱిగిపడిన తునకయే యీ గుట్ట యనియు జనులు చెప్పుకొందురు. నలువది దినములు స్వామిని సేవించినచో మతి చెడినవారికి మతి కుదురుననియు, గొడ్రాలికి కడుపు పండుననియు నమ్మి దూరదేశములనుండి వచ్చువారు పెక్కుమంది.

ఆ మెట్లెక్కు తల్లులలో, పెండ్లికాని కూతురి కడుపు నానాటికి ఉబ్బుచున్నదని ఎవ్వరితోను చెప్పుకొనలేక లోలోపల కుములుచు వచ్చువారు కొందఱైనను ఉందురు. వారిని దలచియే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. మ్రొక్కును మేము కాదనము. కాని హనుమంతుడు మందు తెచ్చుటకు పోయిన కథలో మన తల్లులు గమనింపవలసిన దొకటి కలదు. తెల్లవాఱకముందే మందు తేవలెనని అతడు పరుగెత్తెనే గాని, రేపు చూతములెమ్మని కూర్చుండలేదు.

స్త్రీ గర్భాశయమున కిరువైపుల రెండు అండాశయములు కలవు. ఒక్కొక్కటి ఇంచుమించు బాదంకాయంత యుండును. రజస్వలయైన బాలికకు నెలనెల ఒక అండాశయములో చిన్న నీటిబుడగ పెరిగి, రెండు సెంటీమీటర్లు కాగానే పగిలి, అండమును విడుచును. ఇది ప్రకృతిధర్మము. ఒక్కొక్క నెల ఆ బుడగ పగులక నిలిచిపోవును. లేదా పగిలిన పిదప మరల మూసికొని లోపల నెత్తురు నిండును. రజస్వలయైన మొదటి యేండ్లలో ఇట్టివి తఱచు. రెండు మూడు నెలలలో వాని యంతట అవియే కరగిపోవును. వీనికి కత్తి యక్కఱలేదు. స్కానింగు కాగితముపై నాలుగు సెంటీమీటర్ల బుడగ యని చదివి, ఇల్లు తాకట్టుపెట్టియైన ఆపరేషను చేయింతుమని పరుగెత్తువారికి మా మాట యొక్కటే: డాక్టరు ఆగి చూతమన్నచో ఆగుడు, చెప్పిన నెలకు మరల స్కానింగు చేయింపుడు.

ఇంకొక పొరపాటును ఇచ్చటనే తొలగింపవలెను. ఈ కాలపు బాలికలలో పెక్కుమందికి “అండాశయములో నీటిబుడగలు” ఉన్నవని చెప్పుచున్నారు. ముట్టు తప్పుట, మొగముపై నూగు, ఒళ్లు వచ్చుట దాని లక్షణములు. అది పీసీవోయస్ అను వేఱు వ్యాధి. అందు కనబడునవి ఆవగింజలు పేర్చినట్లుండు చిన్న చిన్న పొక్కులు మాత్రమే. మేము చెప్పబోవునది ఆ బుడగలను గూర్చి కాదు. ఒకే తిత్తి కొబ్బరికాయంత, గుమ్మడికాయంత పెరుగుటను గూర్చి.

అట్లు పెరుగునవి ముఖ్యముగా మూడు విధములు. పలుచని నీటితో నిండినది యొకటి. జిగురువంటి ద్రవముతో నిండి, గదులు గదులుగా విస్తరించునది రెండవది. అన్నింటికంటె మిక్కిలి పెద్దదిగా పెరుగునది యిదియే. మూడవది డెర్మాయిడు. బాలికలలోను పడుచువారిలోను అధికముగా కనబడు అండాశయపు గడ్డ యిదియే. దానిని కోసిచూచినచో లోపల క్రొవ్వు, వెండ్రుకలు, ఒక్కొక్కప్పుడు పండ్లుకూడ నుండును!

ఈ పండ్లు వెండ్రుకల మాట విన్నంతనే మన యిండ్లలో గుసగుసలు మొదలగును. “పిండము పడి గడ్డకట్టినది కాబోలు” ననువారు ఉందురు. సోదరీమణులారా, ఇది శుద్ధ అబద్ధము. ఆడశిశువు తల్లికడుపులో నున్నప్పుడే దాని అండాశయములలో బీజకణములు చేరియుండును. చర్మము, వెండ్రుక, ఎముక, పన్ను, ఏదియైనను కాగల శక్తి ఆ కణములకు స్వభావసిద్ధము. వానిలో నొకటి దారితప్పి తనంతట తాను పెరుగుటచే డెర్మాయిడు ఏర్పడును. దీనికి పురుషునితో సంబంధమే లేదు. రజస్వల కాని పసిపిల్లలకును ఇది వచ్చును. ఈ యొక్క సంగతి తెలిసికొన్నను కొందఱు బాలికల బ్రదుకులు నిలుచును.

కడుపు పెరిగినపుడు లోకము మొట్టమొదట అనుకొనునది గర్భమనియే గదా! ఇది మన దేశపు పాపము మాత్రమే కాదు. 1809వ సంవత్సరమున అమెరికాదేశమున కెంటకీ రాష్ట్రములో జేన్ టాడ్ క్రాఫర్డు అను నడివయసు గృహిణికి కడుపు పెరిగెను. నెలలు మించిన గర్భమనియు, కవలలనియు వైద్యులు తలచిరి. ఎఫ్రాయిము మక్‌డోవెలు అను వైద్యుడు వచ్చి పరీక్షించి, ఇది బిడ్డ కాదు, అండాశయపు గడ్డయని తేల్చెను. అంతవఱకు కడుపు కోసి అట్టి గడ్డను తీసి బ్రతికించినవారు లేరు. ఆ సంగతి దాచక చెప్పి, తన యూరికి వచ్చినచో యత్నింతు ననెను. ఆమె అఱువది మైళ్లు గుఱ్ఱముపై వచ్చెను; గడ్డ జీనుకొమ్మును ఒరసికొని కడుపు కమిలెనట! మత్తుమందు ఇంకను పుట్టలేదు. క్రీస్తు జన్మదినమున బల్లపై పరుండి, భక్తిగీతములు పాడుకొనుచు, ఇరువదియైదు నిమిషములు ఆ కోత నోర్చెను. తీసిన గడ్డ ఇరువదిరెండున్నర పౌనులు తూగెను; అనగా పది కిలోలకు పైమాట. అయిదవనాడు వైద్యుడు వచ్చి చూడగా ఆమె లేచి తన పక్క తానే సర్దుకొనుచుండెను! ఆపై ముప్పదిరెండేండ్లకు పైగా జీవించి 1842లో మరణించెను. కడుపు కోసి వైద్యముచేయు విద్యకంతటికి ఒక స్త్రీ అండాశయమే తొలిపాఠమయ్యె నన్నమాట.

మత్తుమందు విషయమున మన హైదరాబాదునకును ఒక ప్రతిష్ఠ కలదు. క్లోరోఫారము ప్రాణాపాయకరమా కాదా యని 1888, 1889 సంవత్సరములలో ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనసహాయముతో, ఎడ్వర్డు లారీ అను వైద్యుని పూనికపై అచ్చట రెండు పరిశోధకసంఘములు పనిచేసెను. ఆ కాలముననే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫారము నిచ్చుటలో ఆరితేరెను. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలని ఆమెకు పేరు. ఆడువారిని ఆపరేషనుబల్లపై నిద్రపుచ్చిన చేయి మన తెలంగాణమున ఆనాడే ఆడుచేయి యగుట మాకు గర్వకారణము.

ఇక మన బాలికల సంగతి. చిన్నపిల్లల కటివలయము ఇఱుకు. అందుచే తిత్తి కొంచెము పెరుగగానే లోపల నిలువ చోటులేక పైకి, పొట్టలోనికి వచ్చును. పొట్ట మెత్తని సంచి. ఎంత పెరిగినను చోటిచ్చును. నొప్పి లేకయే నెలలు గడచిపోవును. లంగా బొందు బిగువగుట, రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్లుండుట, మాటిమాటికి మూత్రమునకు బోవుట, మలబద్ధము, కాళ్లుచేతులు సన్నగిలి పొట్ట మాత్రము పెరుగుట, ఇవియే గుఱుతులు. తల్లులను మోసగించు విషయ మొకటి కలదు. ఇంత జరుగుచున్నను నెలసరి చాలమందికి క్రమము తప్పదు. “ముట్టు సరిగానే వచ్చుచున్నది, లోపల రోగమేమి యుండు?” నని తల్లి ఊరకుండును. ముట్టు సరిగానుండుటచేత తిత్తి లేదని చెప్పరాదు.

పైగా కరీంనగరము జగిత్యాల ప్రాంతముల కుటుంబముల తీరు ఎట్టిది? తండ్రి దుబాయిలోనో మస్కటులోనో పనిచేయుచుండును. తల్లి తెల్లవాఱినది మొదలు బీడీలు చుట్టుచుండును. బాలిక గురుకులములోనో కస్తూర్బా విద్యాలయములోనో చదువుచు, పండుగలకు మాత్రమే ఇంటికి వచ్చును. వదులు చొక్కా వేసికొని పైన చున్నీ కప్పుకొన్న పిల్ల పొట్ట ఎవరు చూతురు? చూచినవారు ఆ పిల్లను అడుగుదురా? అడుగక, ఒకరితో నొకరు చెవులు కొఱుకుదురు. వసతిగృహములను నడుపు ఉపాధ్యాయినులకు మా విన్నపమిది: పిల్ల పొట్ట పెరిగినట్లు తోచినచో పదిమందిలో నిలువదీయవలదు, పరీక్షకు ముందే పాపమంటగట్టవలదు. వేఱుగా పిలిచి, తల్లికి కబురంపి, స్కానింగునకు తీసికొనిపోవుడు. డాక్టరు మూత్రపరీక్షచేసి గర్భము లేదని తేల్చుకొనుట పద్ధతి. దానికి తల్లి నొచ్చుకొనవలసిన పనిలేదు. ఆ చీటియే రేపు వాడవారి నోళ్లు మూయించును.

నొప్పిలేని తిత్తికి వ్యవధి యున్నది. కాని ఒక్కొక్కప్పుడు వ్యవధి గంటలలోనికి వచ్చును. అండాశయము సన్నని తొడిమపై వ్రేలాడు కాయవంటిది. బరువెక్కిన కాయ తొడిమపై గిఱ్ఱున మెలితిరిగినచో రక్తనాళములు నులిబడి నెత్తురు నడక ఆగిపోవును. పరుగులో, ఆటలో, నిద్రలో ఎప్పుడైనను ఇది జరుగవచ్చును. పొత్తికడుపున ఒకవైపు హఠాత్తుగా భరింపరాని నొప్పి, వెంటనే వాంతులు. కొంచెము తగ్గి మరల వచ్చును. వాయువని వామునీరు త్రాగించుట, దిష్టి తీయుట, నొప్పిబిళ్ల వేసి పండుకొనబెట్టుట, ఇవి అన్నియు అమూల్యమైన కాలమును మ్రింగివేయును. పట్టణములోని డాక్టర్లు సయితము ఒక్కొక్కమాఱు అపెండిసైటిసని భ్రమపడుదురు. అట్టి రాత్రి 108 బండిని పిలువవలెను. తెల్లవాఱనిండని ఆగరాదు.

మెలిపడిన అండాశయము నల్లబడి కమిలియుండుటచూచి, చచ్చినదని తీసివేయుట పూర్వపు పద్ధతి. ఇప్పుడట్లు కాదు. మెలి విప్పినపిదప నల్లబడిన అండాశయములలో పెక్కు మరల తేఱుకొని పనిచేయునని అనుభవమున తేలినది. బాలికలలో రంగుచూచి అండాశయమును తీయరాదు, మెలివిప్పి విడువవలెనని అమెరికా స్త్రీవైద్యుల సంఘము 2019లో స్పష్టముగా సలహా ఇచ్చినది. నొప్పి మొదలైన ఎన్నిగంటలకు ఆసుపత్రి చేరితిమన్న దానినిబట్టి అండాశయపు అదృష్టము.

పరీక్షలను గూర్చి రెండు మాటలు. పెండ్లికాని పిల్లకు లోపలినుండి పరీక్ష చేయుదురేమోనను భయముచేత కొందఱు తల్లులు వెనుకాడుచున్నారు. అక్కఱలేదు. నీళ్లు త్రాగించి, మూత్రాశయము నిండిన పిదప, పొట్టపై చల్లని పసరువంటిది పూసి పైనుండియే అల్ట్రాసౌండు చేయుదురు. తిత్తిలో వట్టి నీరే యున్నదా, గట్టి భాగములున్నవా, గోడ మందమెంత యని అది చూపును. సందేహమున్నచో ఎమ్మారై తీయుదురు. ఆలస్యము లేకుండ రక్తపరీక్షలును చేయింపవలెను. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్, సీఏ 125 అని నాలుగు పేర్లు ఆ చీటిలో కనబడును. కంతి చెడ్డదా మంచిదా యని వీనివలన సూచన దొరకును. చివరి దానిని చూచి మాత్రము గుండె బాదుకొనవలదు. ముట్టురోజులలోను, పొట్టక్షయలోను కూడ అది పెరుగును. పొట్టక్షయ మన దేశమున నిప్పటికిని ఉన్నది; దాని నీరు ఒకచోట చేరి అచ్చముగా తిత్తివలెనే కనబడి మోసగించును. ఇంకొక మాట: పదునాఱేండ్లు వచ్చినను రజస్వల కాక, నెలనెల కడుపునొప్పితో పొత్తికడుపు పెరుగు పిల్లకు అది తిత్తి కాకపోవచ్చును. క్రిందిత్రోవ పొరతో మూసికొని ముట్టునెత్తురు లోపలనే నిలిచినదేమో చూడవలెను. దానికి చేయు చికిత్స వేఱు, సులభము.

బాలికలలో ఆపరేషను వఱకు వచ్చిన అండాశయపు గడ్డలలో పదింట ఎనిమిది తొమ్మిది నిరపాయకరములే. మిగిలినవి క్యాన్సరే యైనను, ఈ వయసున వచ్చు జాతులు మందులకు చక్కగా లొంగును. ఒకవైపు అండాశయమును నిలుపుకొని, తరువాత తల్లులైనవారును కలరు.

ఇంక శస్త్రచికిత్స. పూర్వము పెద్ద తిత్తియనగా పొట్టను నిలువుగా, బొడ్డు దాటి పైకిని కోయుటయే. మూలిక ఏదో తెలియక హనుమంతుడు కొండనే పెకలించి తెచ్చినట్లు, లోపల నేమున్నదో తెలియని వైద్యుడు కడుపునంతటిని తెఱచెడివాడు. లోపలకు కన్ను పంపు విద్య మెల్లమెల్లగా వచ్చినది. 1901లో జర్మనీ వైద్యుడు కెల్లింగు కుక్క పొట్టలోనికి గాలినింపి గొట్టముగుండ చూచెను; 1910లో స్వీడనులో యాకోబేయుసు మనుష్యుల పొట్టలో చూచెను. పారిసు నగరమున స్త్రీవైద్యుడైన రౌల్ పామరు 1940 ప్రాంతపు సంవత్సరములలో, యుద్ధపు చీకటిలో, ఈ విద్యను స్త్రీల రోగములకు మరలించెను. 1980లో జర్మనీలో కుర్టు సెమ్ము అను స్త్రీవైద్యుడే ఈ గొట్టములతో అపెండిక్సును తీయగా, తోడి సర్జనులు మెచ్చుకొనుటకు మాఱు తిట్టిపోసిరి! పదేండ్లకు ఆ తిట్టినవారే నేర్చుకొనిరి. 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో తెహెంటన్ ఉద్వాడియా ఇట్లే పిత్తాశయమును తీసి మన దేశమునకు బాట వేసెను.

దీనిని మన ప్రజలు “హోలు ఆపరేష”నని పిలుచుచున్నారు. పిల్లను పూర్తిగా నిద్రపుచ్చి, బొడ్డులో ఒక సెంటీమీటరు, అంతకంటెను తక్కువ గంటు పెట్టి, బొగ్గుపులుసు వాయువును మెల్లగా నింపుదురు. పొట్టగోడ డేరావలె పైకి లేచును. ఆ గంటులోనుండి దీపముతోడి కెమెరాను పంపుదురు. పొట్ట క్రిందిభాగమున అరసెంటీమీటరు గంటులు రెండు మూడు పెట్టి, సన్నని కత్తెరను, పట్టుకారును పంపుదురు. డాక్టరు తెరపై చూచుచు పనిచేయును.

చిన్న తిత్తికి సరే, గుమ్మడికాయంత దానిని అరసెంటీమీటరు గంటులోనుండి ఎట్లు తీయుదురు? ఈ ప్రశ్న మా పాఠకురాండ్రు అడిగియే తీరుదురు. కరీంనగరపు పల్లెలలో పూర్వము మోటకొట్టుట చూచినవారికి సమాధానము సులభము. బావిలోనుండి నీటితో నుబ్బి వచ్చిన తోలుబొక్కెన, తొట్టిలో నీరు వదలగానే ముడుచుకొని సంచివలె వ్రేలాడును గదా! తిత్తియు నట్లే. ముందు దానిలోని నీటిని, చుట్టుప్రక్కల ఒలుకకుండ, సూదిగొట్టముతో పీల్చివేయుదురు. కొందఱు వైద్యులు బొడ్డువద్ద మూడు నాలుగు సెంటీమీటర్ల గంటు పెట్టి, తిత్తి పైభాగము గంటువద్దకు రాగా అచ్చటనే పీల్చి, ముడుచుకొన్న సంచిని అండాశయముతో సహా పైకి తీసి, కండ్లయెదుటనే తిత్తిని వేఱుచేసి, అండాశయమును మరల లోపలబెట్టుదురు. లోపలనే పనిముగించువారు ముడుచుకొన్న తిత్తిగోడను అండాశయమునుండి, నానిన పెసరగింజపై పొట్టు ఒలిచినట్లు, నెమ్మదిగా ఒలిచి, చిన్న సంచిలో వేసి బయటికి లాగుదురు. తిత్తి బొడ్డుదాక వచ్చియున్నచో బొడ్డులోనుండి దూరుట అపాయము. అందుచే ఎడమవైపు ప్రక్కటెముకల క్రిందనుండి ప్రవేశింతురు. ఆ చోటికి పైన చెప్పిన పామరు పేరే నిలిచినది.

ఈ ఒలుచుటయందే సర్వమును ఉన్నది. గుమ్మడికాయంత తిత్తి చుట్టు సాగి పలుచనైన అండాశయము కాగితపు పొరవలె అంటుకొనియుండును. చూచుటకు అండాశయమే లేనట్లు తోచును. తొందరపడిన చేయి తిత్తితోపాటు దానిని గూడ తీసివేయును. అది పదినిమిషముల పని. ఓపికగల చేయి ఆ పొరను నిలిపి తిత్తిని మాత్రమే తీయును. నిలిచిన పొర కొలది నెలలలో ముడుచుకొని మామూలు అండాశయముగా మాఱును. కనుక ఆపరేషనునకు ముందు తల్లిదండ్రులు అడుగవలసిన మొదటి ప్రశ్న “గంటు ఎంత?” కాదు, “తిత్తిని మాత్రమే తీయుదురా, అండాశయమునుగూడ తీయుదురా?” అనునదియే. సంతకముచేయు కాగితముపై నేమి వ్రాసియున్నదో చదివించుకొనుడు. తండ్రి దుబాయిలోనున్నచో ఫోనులోనే డాక్టరుతో మాటలాడనిండు.

మేమింత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. అవయవమును తీయించుకొనుటకు మన తెలుగునాడు మిక్కిలి త్వరపడుచున్నది. 2015–16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. “పిల్లలు పుట్టిరి, ఇంక ఆ సంచితో పనియేమి?” అను మాట విని విని, తల్లి అదే మాటను కూతురి అండాశయమునకును అన్వయించు ప్రమాదమున్నది. ఒక్క అండాశయముతోను ముట్టు వచ్చును, బిడ్డలు కలుగుదురు; నిజమే. కాని డెర్మాయిడు నూటికి పదిమందికి పైగా రెండువైపుల వచ్చును. నేడు కుడిదానిని పోగొట్టుకొన్న పిల్లకు ఇరువదియైదవ యేట ఎడమవైపు తిత్తి వచ్చినచో ఆమె గతియేమి? రెండును పోయిన స్త్రీకి సంతానమే కాదు, ఎముకల బలము, గుండె రక్షణయు అకాలమున తఱుగును. బిడ్డలకొఱకు నలువది దినములు గుట్టపై ప్రదక్షిణములు చేయు ప్రాంతమున, కన్నెపిల్ల అండాశయమును లెక్కచేయకుండుట వింతగాదా?

అట్లని హోలు ఆపరేషను అందఱికిని తగునని మేము చెప్పజాలము. గట్టిభాగములుండి, రక్తపరీక్షలు తేడాగానుండి, క్యాన్సరను అనుమానము గలిగినచో తిత్తిని గ్రుచ్చరాదు. ఒక కోశములో అణగియున్న చెడుగును చేజేతుల పొట్టనిండ చల్లినట్లగును. వ్యాధి మెట్టు పెరుగును. అప్పుడు పెద్ద గంటుపెట్టి తిత్తిని చెక్కుచెదరకుండ తీయుటయే న్యాయము. డెర్మాయిడులోని క్రొవ్వు ఒలికినను పొట్టలో మంట పుట్టింపవచ్చును గనుక గోరువెచ్చని సెలైనుతో బాగుగా కడుగుదురు. మొదలుపెట్టిన పిదప హోలు పద్ధతిని విడిచి కడుపు తెఱువవలసి వచ్చుటయు కలదు. అది డాక్టరు ఓటమి కాదు, వివేకము. గంటు పెద్దదైనదని నిందించు బంధువుల నోటికి తల్లి తాళమువేయవలెను.

ఈ పద్ధతియన్న మన పల్లెస్త్రీలకు ఒక భయమున్నది. అది ఊరక పుట్టలేదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నములో కుటుంబనియంత్రణ శిబిరమున ఒక్కదినమే 34 మంది స్త్రీలకు ల్యాపరోస్కోపుతో ఆపరేషనులు చేయగా, తరువాత నలుగురు మరణించిరి. ఆ దుఃఖమును మఱచుట తగదు. కాని అచ్చట భయపడవలసినది గొట్టమునకు కాదు. ఒకేపూట బారులుతీర్చి చేయుటకును, పనిముట్ల శుభ్రమునకును. తిత్తి ఆపరేషను శిబిరపు పని కాదు. మత్తువైద్యుడు, రక్తము నిలువ, పిల్లను రాత్రియంతయు కనిపెట్టు నర్సు ఉన్న ఆసుపత్రిలోనే చేయవలెను. “ఇట్టివి మీరింతకుముందు చేసితిరా? పనిముట్లు ఎట్లు శుద్ధిచేయుదురు?” అని డాక్టరమ్మను వినయముతో అడుగుట తప్పుకాదు. మంచి డాక్టరు కోపగింపదు.

దూరమను సాకు పూర్వమంత లేదు. ఆదిలాబాదున 2008లో రిమ్సు వైద్యకళాశాల నెలకొన్నది. జగిత్యాలకు 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. కొండగట్టునుండి కరీంనగరమునకు గంట ప్రయాణము. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణమున 2023 డిసెంబరులో పదిలక్షల రూపాయలకు పెరిగినది. పిల్ల ఆపరేషను దాని క్రింద చేరునో లేదో ఆసుపత్రి గుమ్మమువద్ద నుండు ఆరోగ్యమిత్రను ముందే అడుగుడు. అప్పు చేసిన పిదప అడిగి లాభములేదు.

“డాక్టరమ్మా, రేపు పెండ్లి కావలసిన బిడ్డ, కోసిన గుఱుతు కనబడునా?” అని అడుగు తల్లులను మేము పరిహసింపము. మన సంఘము ఎట్టిదో ఆ తల్లికి తెలియును. బొడ్డులోని గంటు మడతలో కలిసిపోవును. తక్కినవి యేడాదికి అమ్మవారి మచ్చలకంటె చిన్నవగును. హోలు ఆపరేషనైనచో పిల్ల సాధారణముగా ఒకటి రెండు దినములలో ఇల్లు చేరును. కడుపు కోసినచో నాలుగైదు దినములు. లోపల మిగిలిన వాయువువలన ఒకటి రెండు దినములు భుజమునొప్పి యుండుట కలదు, దానికి హడలిపోవలదు. జ్వరము, ఆగని వాంతులు, కడుపుబ్బు, గంటునుండి చీము కనబడినచో మాత్రము వెంటనే తిరిగి చూపవలెను. పథ్యమని పప్పును కూరలను మాన్పించి చారునీళ్లతో పడవేయుట మన యిండ్ల వాడుక. దానివలన పుండు మానుట ఆలస్యమగును. గ్రుడ్డు, పాలు, పప్పు పెట్టుడు. వారము పదిదినములకు బడికి పంపవచ్చును. నీళ్లబిందెలు మాత్రము నెలదాక ఎత్తనీయరాదు. స్వామికి మ్రొక్కుకొన్నవారు పిల్లచేత వెంటనే మెట్లెక్కింపక, ఘాటుదారిని బండిలో తీసికొనిపోవుట మేలు.

తీసిన తిత్తిగోడను పరీక్షాశాలకు పంపుదురు. ఆ ఫలితము వచ్చుటకు వారమో పదిదినములో పట్టును. పిల్ల లేచి తిరుగుచున్నదిగదాయని దానిని తెచ్చుకొనక విడుచువారు కలరు. తిత్తి మంచిదో చెడ్డదో చివరిమాట చెప్పునది ఆ కాగితమే. దానిని, ఆపరేషను వివరములు వ్రాసిన చీటిని, పట్టాకాగితములు దాచు పెట్టెలో దాచుడు. ఏ వైపు తిత్తి తీసిరో, అండాశయము నిలిచినదో లేదో పిల్లకు గూడ తేటగా చెప్పుడు. చిన్నపిల్లకేల యని దాచవలదు. మూడు నాలుగు నెలలకు ఒకమాఱును, డెర్మాయిడైనచో ఆపై ఏటేటను డాక్టరు చెప్పిన ప్రకారము స్కానింగు చేయింపవలెను. పెండ్లియై అత్తవారింటికి పోవునాడు ఆ కాగితములును ఆమె పెట్టెలోనే పోవలెను; తొలికాన్పునకు చూడబోవు డాక్టరు మొట్టమొదట అడుగునది వానినే.